సున్నపు చెయ్యి

డబ్బాలో సున్నం చిక్కబడింది. సుంకప్ప చెంబెడు నీళ్లు పోసి, వేపకట్టెతో నాలుగు తిప్పులు తిప్పి, చిటికెన వేలు ముంచి మణికట్టు మీద ఒక చుక్క పెట్టుకుని చూశాడు. చుక్క జారలేదు. సరిపోయింది. ముక్కు పొడుగ్గా ఉన్న పాత అల్యూమినియం కెటిల్లోకి సున్నాన్ని ఒంపుకుని, లాగి కట్టిన పురికొస వెంబడి వంగి నడవడం మొదలుపెట్టాడు. ఊళ్లో ఇంకా కోళ్లు కూస్తున్నాయి. ఉరవకొండ గుట్ట మీద ఎండ పడలేదు.

హాకీ గ్రౌండుకు గీతలు గీయడమంటే వాకిట్లో ముగ్గు వేసినట్టే అనుకుంటారు చాలామంది. అనుకోనీ, వాళ్ల నడుము కాదు కదా వంగేది! ఆ నేల మీద గడ్డి మొలిచిన పాపాన పోలేదు. అంతా ఎర్ర గరుసు. పొడి సున్నం చల్లితే మొదటి గాలికే లేచిపోతుంది. అందుకని తడి సున్నమే పోయాలి, అదీ ఆగకుండా పోయాలి. ఆగితే మచ్చ పడుతుంది. గోలు ముందర ఉండే అరచందమామను ఆటగాళ్లు ‘డీ’ అంటారు. దాని లోపలి నుంచి కొడితేనే గోలు. దాన్ని గీయడానికి సుంకప్ప గోలు స్తంభానికి పదహారు గజాల తాడు కట్టి, రెండో కొస నడుముకు చుట్టుకుని, గానుగెద్దులా తిరుగుతాడు. ముప్పై రెండేళ్లుగా అలాగే తిరుగుతున్నాడు.

యాభై రెండేళ్ల మనిషి. సన్నగా, నల్లగా ఉంటాడు. మోకాళ్ల మీదికి ఎగ్గట్టిన పంచె, గుండీలు లేని చొక్కా. సున్నానికి రెండు అరచేతులూ పగుళ్లు దేరి తెల్లబడ్డాయి; కారం అన్నం కలుపుకుంటే చురుక్కుమంటాయని ఇరవై ఏళ్లుగా చెంచాతో తింటాడు. నడిచేటప్పుడు తల ఎప్పుడూ కిందికే. గీతలు చూసి చూసి అలా అయిందని కొత్తవాళ్లు జాలిపడతారు. ఆ తల సున్నం డబ్బా పట్టకముందే వంగింది.

ఆ ఉదయం ఎడమ భుజం ఎందుకో బరువుగా ఉంది. రాత్రి ఒకే పక్కన పడుకున్నానులే అనుకున్నాడు. బయలుదేరేటప్పుడు పెండ్లాం హనుమంతమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

“ఆదివారం గూడా ఆ సున్నపు సవితి కాడికేనా?”

“సెలెక్షను ఉండాది లేవే.”

“నిన్నేమన్నా సెలెక్టు చేస్తారా? ఇంట్లో గోడకు సున్నం కొట్టి ఎన్నేండ్లయిందో ఎరుకనా? ఊరి గరుసుకంతా కొడతావు!”

సుంకప్ప పంచె ఎగ్గట్టి, ఆమెను తప్పించుకుని వచ్చేశాడు. ఎదురు చెప్పడం ఆయనకు చేతకాదు, చేతకాకపోవడాన్ని పెద్ద గుణమని ఊరంతా మెచ్చుకుంది కూడా.

ఆ మెచ్చుకోళ్ల ఖజానా గ్రౌండు పక్కనే ఉంది: రేకుల కప్పు వేసిన ఒక గది, దాని ముందర నాలుగు కేన్ కుర్చీలు. అదే హాకీ సంఘం ఆఫీసు. గది బయటి గోడ మీద నీలం రంగుతో, “అన్నీ ఉన్న విస్తరాకు అణిగిమణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరాకు ఎగిరెగిరి పడుతుంది” అని రాయించారు. రాయించిన నలుగురు పెద్దమనుషులూ ఏ పెండ్లిలోనైనా మొదటి బంతిలో చోటు దొరక్కపోతే అలిగి వెళ్లిపోయే రకం. ఆ నలుగురికీ పెద్ద మల్లికార్జునయ్య. శెనక్కాయల మిల్లు ఆయనదే, పదిహేనేళ్లుగా సంఘం సెక్రటరీ ఆయనే. ఆయన కారు దిగుతుంటే అక్కడున్నవాళ్లంతా లేచి నిలబడాలి. వాళ్లలో ఒకడు లేవకపోతే ఆయనకు రెండు రోజులు అన్నం సయించదు. అటువంటి మహానుభావుడు అణకువ గురించి మాట్లాడితే గంట దాకా ఆపడు.

సంఘంలో ఒక ఆచారం ఉంది. గోలు కొట్టినవాడు చెయ్యెత్తకూడదు, గంతులేయకూడదు. తల వంచుకుని నడిమి గీత దగ్గరకు వచ్చి నిలబడాలి. గోలు నాదని నోటితో అనడం మహాపాపం. బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషి ఎవరిదో చెబుతాడు, పక్కనున్నవాడు కాగితం మీద రాసుకుంటాడు. ఎవడైనా పొగరెక్కి చెయ్యెత్తాడా, వాడికి రోలరు. ఇద్దరు లాగాల్సిన రాతి రోలరును ఒక్కడే గ్రౌండు చుట్టూ ఏడు చుట్లు లాగాలి. లెక్కపెట్టే పని సుంకప్పది.

ఆ ఉదయం రోలరు లాగాల్సినవాడు ఏడు గంటలకు వచ్చాడు. రావడం కూడా మామూలుగా రాలేదు. హాకీ కట్టె మీద బంతిని ఎగరేస్తూ, కింద పడకుండా ఆడిస్తూ, “నాలుగు వందల పన్నెండు, నాలుగు వందల పదమూడు” అని బస్టాండు నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. మణిదీప్. పదిహేడేళ్లు. ముందరి జుట్టుకు రాగి రంగు వేయించుకున్నాడు, నుదుటికి ఎర్ర గుడ్డ కట్టుకున్నాడు. తండ్రి లేడు. తల్లి శాంతమ్మ బస్టాండులో బజ్జీలు వేస్తుంది. పోయిన ఆదివారం గుంతకల్లు జట్టు మీద గోలు కొట్టి, కట్టెను తుపాకీలా భుజానికెత్తి నాలుగు కుర్చీల ముందర నుంచి పరుగెత్తుకుంటూ వెళ్లాడు. పెద్దమనుషులకు ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు.

“వచ్చినావా మారాజా!” అన్నాడు సుంకప్ప. “పల్లకీ యాడ నిలిపినావు?”

“ఇంకా రాల్యా మామా. ఈ పొద్దు సెలెక్టరు సార్లు తెస్తారు.”

వాడు రోలరు పిడి పట్టుకున్నాడు. మొదటి చుట్టు మెడనరాలు బిగదీసి లాగాడు. రెండో చుట్టులో ఖాళీ కుర్చీల ముందరికి రాగానే ఆగి, ఒక చేత్తో సలాం కొట్టాడు. సుంకప్పకు ఒళ్లు మండింది.

ఇటువంటి మిడిసిపాటుగాళ్లను ఎంతమందిని చూశాడు! మీసం తిప్పేవాడు, బొటనవేలు చూపించేవాడు, గోలు కొట్టి నేలకు ముద్దుపెట్టేవాడు. అందరినీ ఈ రోలరు దారికి తెచ్చింది. కొందరు దారికి రాలేక ఆట మానేశారు. పోతే పోనీ, పీడ వదిలింది అని పెద్దమనుషులు అనేవాళ్లు, అవును సామీ అని ఈయన తలూపేవాడు. పైకి ఒకటి, లోపల ఒకటి కాదు, నిజంగానే ఆయనకు వాళ్లంటే ఏవగింపు. ఎచ్చులు! ఎందుకు ఆ ఎచ్చులు? చేసిన పని చేసినట్టు ఉంటుంది కదా, చెయ్యెత్తి చాటేదేముంది?

ఏడో చుట్టు అయ్యేసరికి మణి చొక్కా వంటికి అతుక్కుపోయింది. అరచేతుల్లో బొబ్బలు లేచాయి. సుంకప్ప కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చాడు. వాడు సగం తాగి, సగం నెత్తిన పోసుకున్నాడు. టాంకరు నీళ్లు రెండు రోజులకొకసారి వచ్చే ఊళ్లో! సుంకప్ప ఆ మాట అనబోయి ఆగాడు. వాడి బొబ్బల్లో ఒకటి చిట్లి ఉంది.

“కూసో రా కొంచేపు. మాట చెప్తా ఇను.” సుంకప్ప రోలరు పక్కన గొంతుకూర్చున్నాడు. “ఈ ఊరికి ఒగటే సీటు. అయిదరాబాదులో క్యాంపు. తిండి, బట్ట, సదువు అంతా వాళ్లే సూసుకుంటారు. ఆ మీదట రైల్వేలో ఉద్యోగం గూడా వస్తాదంట. ఆ సీటు రాకుంటే నీ గతేమి?”

“సాయంత్రం ఆరు బస్సుకు బళ్లారి. మా మామ గనుల్లో లారీ క్లీనరు పని సూసి పెట్టినాడు. అమ్మ సంచి సర్దిపెట్టింది గూడా.”

“దానికే చెప్తాండా. నీకు పోటీ ఆ భరతుగాడు. సెక్రటరీ అక్క కొడుకు. వానికి ఆట రాదు, అది అందరికీ ఎరుకే. నువ్వు గోలు కొడితే సాలు, సీటు నీదే. కానీ కొట్టినాక ఎగరొద్దు. ఈ ఒగరోజు తల వంచుకోని వచ్చేయ్. పెద్దోళ్లు మెత్తబడతారు. నా మాట ఇను మణీ.”

మణి గోడ మీది నీలం అక్షరాల వైపు చూశాడు.

“మామా, అన్నీ ఉండే ఇస్తరాకు ఎందుకు అణిగి ఉంటాదో తెల్సా? దాని ముందర ఎవడో కూసోని తింటాంటాడు.”

“నోరు ముయ్ రా!”

“నేను చెయ్యెత్తేది ఎచ్చులకు కాదు. బస్టాండులో అమ్మ బజ్జీలు ఇస్తే తిని, నేను తినల్యా అని పోయేటోళ్లు ఎంతమందో. అప్పుడు నేర్సుకున్నా. మనది మనదేనని గట్టిగా జెప్పకుంటే పోతాది.” వాడు గొంతు తగ్గించాడు. “మా తాత బయ్యన్న నీ జట్టులో గోల్‌కీపరు కదా. సంఘం గదిలో గెలుపు బోర్డు మీద ఉండాల్సింది నీ పేరంట. తాత సచ్చేముందర చెప్పినాడు. నిజమేనా?”

సుంకప్ప కెటిల్ చేతిలోకి తీసుకున్నాడు. “ఎవరి పేరైతేనేమి? గెలిచింది ఊరు గదా” అని లేచి వెళ్లిపోయాడు.

నిజమే. 1972లో బళ్లారి జట్టుతో ఫైనలు ఈ గరుసు మీదే జరిగింది. ఆట ముగియడానికి మూడు నిమిషాలుందనగా డీ అంచు మీద బంతి సుంకప్పకు దొరికింది. ఇరవై ఏళ్ల కుర్రవాడు, తలెత్తి గోలు చూసి, ఎడమ మూలకు కొట్టాడు. గోలు లోపలి చెక్క పలక మీద బంతి పడిన చప్పుడు మిల్లు దాకా వినబడిందని చెప్పుకునేవాళ్లు. ఆచారం ప్రకారం తల వంచుకుని నడిమి గీత దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. దుమ్ము లేచి ఉంది. బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషి మల్లికార్జునయ్య తండ్రి. ఆయన, “కొట్టినాడప్పా మా మల్లి!” అన్నాడు. రాసేవాడు రాసుకున్నాడు. అదే జట్టులో ఆడుతూ పక్కనే ఉన్న మల్లికార్జునయ్య కూడా ఆచారం పాటించి తల వంచుకుని నిలబడ్డాడు. అడగని అబద్ధానికి అంతకంటే అణకువ ఏం కావాలి?

ఆ గోలు పుణ్యమా అని మల్లికార్జునయ్యకు కరెంటు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఎనిమిదేళ్లు చేసి, విసుగుపుట్టి మానేసి, మిల్లు పెట్టుకున్నాడు. సుంకప్పను మాత్రం పెద్దాయన దగ్గరకు పిలిచి భుజం తట్టాడు. “నోరు మెదపలేదు సూడు, అదీ ఆటగాని లక్షణం. ఇట్లాంటి మనిషి చేతిలోనే గ్రౌండు ఉండాల” అని సున్నం డబ్బా చేతికిచ్చాడు. సుంకప్ప దాన్ని బంగారు పతకంలా అందుకున్నాడు. ఇదంతా ఎవరైనా వింటే తిట్టాలో, నవ్వాలో తెలియదు. కానీ సుంకప్ప ముప్పై రెండేళ్లు ఆ మాట మీదే బతికాడు. ఎగిరే కుర్రవాళ్లను ఏవగించుకోవడం ఆయనకు అవసరం. వాళ్లదే తప్పు కావాలి. వాళ్లది తప్పు కాకపోతే తన బతుకంతా ఏమైనట్టు?

ఆట పది గంటలకని చెప్పి పదకొండుకు మొదలుపెట్టారు. జిల్లా నుంచి రావలసిన ఇద్దరు సెలెక్టర్లు మల్లికార్జునయ్య ఇంట్లో ఉగ్గాని, బజ్జీ, ఆ పైన ఒక చిన్న నిద్ర ముగించుకుని సగం ఆట అయ్యాక వచ్చారు. షామియానా కింద మెత్తని కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ల పక్కన మల్లికార్జునయ్య, ఆయన పక్కన రాసే గోవిందప్ప. రిటైరైన టీచరు. ముప్పై రెండేళ్ల కిందట రాసింది కూడా ఈయనే. అప్పుడు కళ్లద్దాలు లేవు, ఇప్పుడున్నాయి. పెద్ద తేడా ఏమీ లేదు.

రెండు జట్లూ ఊరివే. మణి, భరత్ ఒకే జట్టు. సుంకప్ప ఎప్పట్లాగే గోలు వెనకాల, చిరిగిన వల పక్కన గొంతుకూర్చున్నాడు. బయటికి పోయిన బంతులు అందించడం ఆయన పని. ఎండకు గరుసు పొగలు కక్కుతోంది. ఎడమ భుజం బరువు ఇప్పుడు మోచేయి దాకా దిగింది. సున్నం నీళ్ల బిందెలు మోస్తే అంతేలే అనుకున్నాడు.

ఎవరూ గోలు కొట్టలేదు. ఇంకో అయిదు నిమిషాలుందనగా మణికి నడిమి గీత దగ్గర బంతి చిక్కింది. ఒకడిని ఎడమకు తప్పించాడు, ఇంకొకడి కాళ్ల సందు నుంచి పంపి అవతల అందుకున్నాడు. చూస్తున్న జనం అరుస్తున్నారు. సుంకప్ప తెలియకుండానే లేచి నిలబడ్డాడు. భరత్ గోలు ముందర మూలవిరాట్టులా నిలబడి ఉన్నాడు, బంతి ఎటు పోతోందో కూడా వాడికి తెలియదు. మణి డీ లోపల అడుగుపెట్టాడు. ఒక్క క్షణం తలెత్తి చూశాడు. కొట్టాడు. బంతి భరత్ మోకాలి పక్క నుంచి దూసుకొచ్చి సుంకప్ప ముందరున్న పలకకు ఠక్కుమని తగిలింది.

దుమ్ము లేచింది; షామియానా కింద సెలెక్టర్లకు మజ్జిగ గ్లాసులు అందిస్తున్నారు. దుమ్ములోంచి మణి బయటికి వచ్చాడు. చెయ్యి ఎత్తలేదు. కట్టె భుజాన పెట్టలేదు. రెండు చేతులూ తొడలకు ఆనించుకుని, తల వంచుకుని, నడిమి గీత వైపు నడిచాడు. ‘ఇన్నాడు! నా మాట ఇన్నాడు!’ అని సుంకప్పకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొడుకు లేని మనిషి. ఒక కుర్రవాడు తన మాట వినడం ఆయన బతుకులో అదే మొదలు.

“ఎవరిదప్పా గోలు?” అన్నాడు గోవిందప్ప కలం పట్టుకుని.

“కనపడల్యా? మావాడే, భరత్. ఎనిమిదో నంబరు” అన్నాడు మల్లికార్జునయ్య. గోవిందప్ప రాసుకున్నాడు. మైకులో భరత్ పేరు రెండుసార్లు మోగింది. జనంలో గొణుగుడు లేచి, షామియానా వైపు చూసి అణిగిపోయింది. భరత్ మొదట అదిరిపడ్డాడు. తర్వాత మేనమామ వైపు చూసి, చప్పున తల వంచుకున్నాడు.

మణి నడిమి గీత మీద నిలబడిపోయాడు. మైకు వైపు చూడలేదు. తిరిగి సుంకప్ప వైపు చూశాడు.

సుంకప్ప గుండెల్లో ఏదో పట్టుకుంది. ఆట జరుగుతుండగా ఆయన ఏనాడూ గీత దాటి లోపలికి అడుగు పెట్టలేదు. అది కూడా ఒక ఆచారమే. ఇప్పుడు దాటాడు. తెల్లవారుజామున తానే పోసిన గీతను తొక్కి, గ్రౌండుకు అడ్డంబడి నడిచాడు. అంపైరు ఈల వేశాడు. ఎవరో “ఓ ముసలాయనా!” అని కేకేశారు. షామియానా ముందర నిలబడి కుడిచెయ్యి పైకెత్తాడు. బడిలో పిల్లవాడు ఎత్తినట్టు ఎత్తాడు, అంతకంటే ఎలా ఎత్తాలో ఆయనకు తెలియదు.

“సామీ, గోలు మణిగానిది. నేను సూసినా. గోలెనకాలే ఉండాను.”

పెద్దమనుషులు నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కుక్క మాట్లాడినా అంత ఆశ్చర్యపోయేవాళ్లు కాదు.

“ఏమప్పా సుంకప్పా, ఎండ దెబ్బ కొట్టిందా?” అన్నాడు మల్లికార్జునయ్య నవ్వుతూ. “పోయి నీడన కూసో.”

“ఎండ కాదు సామీ. వాడే కొట్టినాడు.”

సెలెక్టర్లలో లావుపాటాయన మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. “ఆ ఎర్ర గుడ్డ పిల్లోడేనా? వాణ్ణి నేను పోయినేడు అనంతపురంలో సూసినా. గోలు కొడితే గ్రౌండంతా పల్టీలు కొడతాడు, ఆపడం ఎవరితోనూ కాదు. ఇప్పుడు సప్పుడు లేకుండా పోయి నిలబడినాడే? కొట్టినోడైతే చెయ్యెత్తడా?”

“అదీ మాటంటే!” అన్నాడు గోవిందప్ప.

“నేనే ఎత్తొద్దని చెప్పినా సామీ...” సుంకప్ప ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఆ మాట వినడానికి ఎవరూ ఖాళీగా లేరు. ఇంకో సెలెక్టరు అప్పటికే భరత్ వైపు వేలు చూపిస్తున్నాడు. మల్లికార్జునయ్య ఛాతీ ఉబ్బించి, “సూడండి సార్ మావాణ్ణి! గోలు కొట్టి గూడా ఎంత అణకువగా నిలబడినాడో! ఇదీ మా సంఘం పెంపకం” అన్నాడు. కొట్టని గోలుకు అణకువ చూపించడం ఆ ఇంట్లో వంశపారంపర్యం. అంతటితో ఆగాడా? మణిని దగ్గరకు పిలిచి, వీపు తట్టి, “నువ్వు గూడా ఈ పొద్దు బుద్ధిగా ఉన్నావు రా. ఇట్లే ఉండు, బాగుపడతావు” అని దీవించాడు.

మణి ఆ చెయ్యి కింద నుంచి తప్పుకుని, సుంకప్ప ముందర నుంచే నడిచిపోయాడు. తిట్టి ఉంటే సుంకప్ప ప్రాణం కాస్త తేలికపడేది.

సీటు భరత్‌కు వచ్చింది. సెలెక్టర్లు కాగితం మీద సంతకాలు పెట్టి, మధ్యాహ్నం మాంసం కూరకు వెళ్లిపోయారు. షామియానా విప్పారు. కుర్చీలు మడిచారు. సుంకప్ప అన్నానికి ఇంటికి పోలేదు. వలకు పడిన చిరుగు కుడుతూ గోలు దగ్గరే కూర్చున్నాడు. సూది రెండుసార్లు జారిపోయింది.

అయిదున్నరకు మణి వచ్చాడు. భుజాన సంచి. నుదుట ఎర్ర గుడ్డ లేదు. హాకీ కట్టెను ముసలివాళ్లు గొడుగు పెట్టుకున్నట్టు చంకలో పెట్టుకున్నాడు. బంతి ఎక్కడుందో ఏమో.

“పోయొస్తా మామా.”

“మణీ, నేను...”

“నీ మాట ఇన్నా మామా. ఒగసారి ఇన్నా” అన్నాడు మణి. కోపంగా అనలేదు. కట్టెను వల మీద ఆనించి పెట్టాడు. “ఇది ఈడ్నే ఉండనీ. లారీలో దీంతో పనేముంది?” వంగి సుంకప్ప చేతిని ఒకసారి పట్టుకుని వదిలేసి, మిల్లు సందులోంచి బస్టాండు వైపు వెళ్లిపోయాడు. ఎగరకుండా, గెంతకుండా, తల వంచుకుని నడిచాడు. సంఘం పెద్దలు చూసి ఉంటే మురిసిపోయేవాళ్లు.

సుంకప్ప ఆ నడకను సందు మలుపు దాకా చూశాడు. అది ఎవరి నడకో ఆయనకు బాగా తెలుసు.

లేచాడు. డబ్బాలో అడుగున పొద్దుటి సున్నం మిగిలి ఉంది. దాన్ని తీసుకుని సంఘం గది తలుపు తీశాడు. లోపల గోడకు నిలువెత్తు చెక్క బోర్డు, నల్ల రంగు మీద పసుపు అక్షరాలు. ‘1972 ఫైనల్. విజయపు గోలు: శ్రీ మల్లికార్జునయ్య.’ ముప్పై రెండేళ్లుగా ఆ బోర్డును ఆయన ప్రతి శనివారం గుడ్డతో తుడిచాడు. ఆ పేరు మీద ఒక్క దుమ్ము రేణువు నిలవనిచ్చేవాడు కాదు. ఎంత సిగ్గులేని పని చేశాను అనుకున్నాడు. పెద్దాయన మీద కాదు, మల్లికార్జునయ్య మీద కూడా కాదు, తన మీదే అసహ్యం వేసింది. తన గోలును పోగొట్టుకున్నవాడు వెర్రివాడు, అంతే. పక్కవాడి గోలును కూడా పోగొట్టినవాణ్ణి ఏమనాలి?

కుడిచెయ్యి మణికట్టు దాకా డబ్బాలో ముంచాడు. పైకెత్తి, అయిదు వేళ్లూ విప్పి, ఆ పేరు మీద ఆనించాడు. గట్టిగా ఒత్తాడు.

“గోలు నాది” అన్నాడు. గదిలో ఎవరూ లేరు. గొంతు బాగానే పలికింది. అందుకని ఇంకోసారి అన్నాడు. “నేనే కొట్టినా. ఎడమ మూలకు.”

బయటికి వచ్చేసరికి బళ్లారి బస్సు హారన్ వినబడింది. చెమటలు పట్టాయి. కాసేపు కూర్చుందామని రోలరుకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. రాయి ఇంకా వెచ్చగా ఉంది. ఎదురుగా ఆయన పోసిన గీతలు, తాను తొక్కిన చోట తప్ప, తెల్లగా, సూటిగా ఉన్నాయి. తల ఎత్తి గుట్ట వైపు చూశాడు.

పొద్దు గుంకకముందే హనుమంతమ్మ గిన్నెలో సంగటి పెట్టుకుని, దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చింది. “పొద్దుట్నుంచి కడుపులో ఏమీ ల్యా. ఏమయ్యా, ఆ సున్నపు సవితిని ఇంకా ఇడిసిపెట్టల్యా?” అని భుజం పట్టి కుదిపింది. మనిషి పక్కకు ఒరిగాడు. ఆమె గిన్నె కింద పెట్టి, ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకుని, మణికట్టు దాకా ఎండిపోయిన సున్నాన్ని కొంగుతో తుడుస్తూ చాలాసేపు కూర్చుంది. తర్వాత ఏడ్చింది.

మూడో రోజు సంఘం గదిలో సంతాప సభ జరిపారు. బోర్డు మీది మరక సంగతి అంతకు ముందే బయటపడింది. ఎలక్షన్ల పిచ్చిలో ఎవడో చెయ్యి గుర్తు పార్టీవాడు వేసి ఉంటాడని తేల్చి, కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో ఒకసారి రుద్దించారు. సున్నం పోయింది కానీ, అది ఆనిన మేర రంగును తినేయడంతో కింది చెక్క తెల్లగా బయటపడింది. సభకు పదిమంది వచ్చారు. గోవిందప్ప కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మల్లికార్జునయ్య బోర్డు ముందర నిలబడి, గొంతు సవరించుకున్నాడు. “సుంకప్ప లాంటి అణకువైన మనిషిని నేను సూడల్యా. ముప్పై రెండేండ్లలో ఒగనాడన్నా చెయ్యెత్తినోడు కాదు” అన్నాడు. మొన్నటి ఆదివారం సంగతి ఆ నలుగురిలో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. అందరూ తలలు వంచుకుని రెండు నిమిషాలు మౌనం పాటించారు.

మల్లికార్జునయ్య తల వెనకాల, పసుపు అక్షరాలు చెరిగిపోయిన చోట, అయిదు వేళ్లూ విప్పుకుని, తెల్లటి చెయ్యి ఒకటి అలాగే పైకెత్తి ఉంది.